ఇంటి దగ్గరే కారు రిపేరు – 6వ పాఠం: తొక్కిపట్టిన బ్రేక్ పెడల్ కిందికి జారుతుంటే

పోయిన పాఠంలో వెనక డ్రమ్ములు విప్పి బ్రేక్ షూల సందు సరిచేశాం. ఆ పని అయ్యాక కూడా పెడల్ కిందికే పోతుంటే ఈ పాఠం మీ కోసమే. ఒక షరతు: లోపం దొరికేదాకా బండి గేటు దాటొద్దు. పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాల వైపు తోసేది మాస్టర్ సిలిండర్. చాలా బండ్లలో దానికి రెండు వేర్వేరు లైన్లు ఉంటాయి కాబట్టి ఒకటి పోయినా రెండోది కొంత పట్టుకుంటుంది. కానీ ఆ కొంత పట్టుతో ములుగు రోడ్డు మీద లారీ వెనక ఆగగలమని నమ్మడం తెలివి కాదు.

"బ్రేక్ ఆయిల్ పోయించి ఎయిర్ తీయించాం, రెండు రోజులు బాగుంది, మళ్లీ అదే కథ." ఈ మాట చాలామంది నోట వినిపిస్తుంది. పెడల్ ఎట్లా దిగుతున్నదో చూడకుండా ఎయిర్ తీస్తే జరిగేది ఇదే. మొదటిసారి తొక్కితే లోతుకు పోయి, వెంటనే రెండోసారి తొక్కితే పైనే ఆగిందా? అది షూల సందు, 5వ పాఠం మళ్లీ చూడండి. స్పంజిలా మెత్తగా ఉందా? లైన్‌లో గాలి ఉంది. నిర్మల్ దగ్గరి మహబూబ్ ఘాట్ లాంటి దిగుడులో ఒక్కసారిగా కిందికి పోయి, బండి చల్లబడ్డాక మళ్లీ మామూలైందా? అది వేడికి మరిగిన ఆయిల్. మనం ఈ రోజు పట్టుకోవాల్సింది నాలుగోది: కాలు కదపకుండా పెట్టినా పెడల్ మెల్లగా జారిపోవడం. హన్మకొండ చౌరస్తాలో సిగ్నల్ పడ్డప్పుడో, మేడారం జాతర బండ్ల వరుసలోనో ఇది బాగా తెలుస్తుంది.

పరీక్ష ఇట్లా చేయండి. చదును నేల మీద బండి ఆపి, చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టండి. ఇంజన్ ఆపేసి ఐదారు సార్లు పెడల్ తొక్కితే బూస్టర్‌లోని (మన తొక్కుడుకు బలం కలిపే డబ్బాలోని) వ్యాక్యూమ్ అయిపోయి పెడల్ గట్టిపడుతుంది. ఇప్పుడు ఒక నిమిషం పాటు ఒకే బరువుతో తొక్కిపట్టండి. అట్లా పట్టుకునే ఇంజన్ స్టార్ట్ చేస్తే పెడల్ కొద్దిగా దిగి ఆగుతుంది. అది బూస్టర్ సాయం, లోపం కాదు. ఆగకుండా దిగుతూ పోతేనే లీకేజీ. తర్వాత ఒకసారి నెమ్మదిగా, ఒకసారి గట్టిగా కొట్టినట్టు తొక్కి చూడండి. నెమ్మదిగా తొక్కితే జారి, గట్టిగా కొడితే నిలబడితే అనుమానం మాస్టర్ సిలిండర్ మీదికే పోవాలి. వాషర్ అరిగిన బోరింగు చూడండి: నిదానంగా కొడితే నీళ్లు పైకి రావు, దడదడ కొడితే వస్తాయి. సిలిండర్ లోపలి రబ్బరు కప్పుదీ అదే తీరు. దాని అంచు అరిగితే మెల్లని ఒత్తిడికి ఆయిల్ ఆ అంచు దాటి వెనక్కి పోతుంది. ఎక్కువగా అది తిరిగి సిలిండర్ మీది ఆయిల్ డబ్బాలోకే చేరుతుంది కాబట్టి బయట ఒక్క చుక్క కూడా కనిపించదు.

ఆయిల్ డబ్బా మీద మార్కర్‌తో గీత పెట్టి ఈ పరీక్ష నాలుగైదు సార్లు చేయండి. మట్టం తగ్గితే ఆయిల్ ఎటో పోతున్నట్టే. (నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గితే అది ప్యాడ్లు అరగడం వల్ల కావచ్చు.) నాలుగు రిమ్ముల లోపలి వైపు, రబ్బరు పైపుల చివరలు, బండి కింద తుప్పు పట్టిన స్టీలు పైపులు తడిమి చూడండి. డ్రమ్ము విప్పి, షూలను తోసే వీల్ సిలిండర్ రబ్బరు తొడుగు ఎత్తితే తడి ఉండకూడదు. ఇవన్నీ పొడిగా ఉండి మట్టం మాత్రం తగ్గుతుంటే మాస్టర్ సిలిండర్‌ను బూస్టర్‌కు పట్టి ఉంచే రెండు నట్లు విప్పి, దాన్ని కొంచెం ముందుకు లాగి వెనక మూతి చూడండి. చాలాసార్లు ఆయిల్ బూస్టర్‌లోకి పోతుంటుంది. బూస్టర్ లేని పాత బండ్లలో అయితే ఆ తడి డ్రైవర్ కాళ్ల దగ్గరే తేలుతుంది.

మట్టం తగ్గకపోతే కొత్త సిలిండర్ కొనే ముందు చివరి రుజువు ఒకటి తీసుకోండి. సిలిండర్ నుంచి బయటికి పోయే పైపులు విప్పి, అదే మర ఉన్న బిరడా బోల్టులు బిగించి పెడల్ తొక్కండి. రాయిలా ఆగితే సిలిండర్ మంచిదే, జారితే దానిదే తప్పు. సిలిండర్ మంచిదై, బయట ఎక్కడా లీకేజీ లేక, బండికి ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉంటే దాని లోపలి వాల్వును అనుమానించాలి. ఆ పనికి స్కానర్ ఉన్న షాపు కావాలి. కొందరు మెకానిక్‌లు లైన్ మూయడానికి రబ్బరు పైపును కటింగ్ ప్లయర్‌తో నొక్కుతారు. లోపలి పొర తెగుతుంది, చేయనివ్వొద్దు.

లోపలి రబ్బర్ల కిట్టు వేయాలా, మొత్తం సిలిండర్ మార్చాలా? కిట్టు చౌక. కానీ పిస్టన్ కదిలే లోపలి బోరులో గీతలో తుప్పు గుంటలో ఉంటే కొత్త రబ్బరు కూడా త్వరగానే అరుగుతుంది. అల్యూమినియం బోరును ఎమెరీ కాగితంతో రుద్దితే ఇంకా పాడవుతుంది. నన్నడిగితే బ్రేక్ దగ్గర పిసినారితనం వద్దు, మొత్తం మార్చండి. పాతది చేతిలో పట్టుకునే ఆటోనగర్‌కు పోండి. చాలా సిలిండర్ల ఒంటి మీద బోరు కొలత అచ్చు వేసి ఉంటుంది, అది కలవాలి. బోరు పెద్దదైతే పెడల్ గట్టిగా తగులుతుంది, చిన్నదైతే లోతుకు పోతుంది.

విప్పేటప్పుడు డబ్బాలోని ఆయిల్‌ను సిరంజితో తీసేయండి. పైపు నట్లు మెత్తటివి, మామూలు పానాతో మూలలు గుండ్రంగా అరిగిపోతాయి. నట్టును చుట్టూ పట్టుకునే బ్రేక్ పైపు పానా వాడండి. బూస్టర్ రాడ్ తగిలే గుంట లోతు పాతదాంట్లో, కొత్తదాంట్లో ఒకటేనా అని కొలవండి. రాడ్ ముందే ఒత్తితే బ్రేకులు వదలకుండా పట్టుకుంటాయి. కొత్త సిలిండర్‌ను వైస్‌లో బిగించి, రంధ్రాల నుంచి ట్యూబులు తిప్పి డబ్బాలోనే ముంచి, కర్రతో పిస్టన్‌ను మెల్లగా నొక్కుతూ బుడగలు ఆగేదాకా గాలి తీయండి. ఇది బండికి బిగించక ముందే కావాలి.

తర్వాత చక్రాల దగ్గర ఎయిర్ తీయడం. కుడి వైపు స్టీరింగ్ ఉన్న మన బండ్లలో చాలావాటికి వరుస ఇది: వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. ఒక లైను ఎదురెదురు మూలల చక్రాలకు పోయే బండ్లలో వరుస మారొచ్చు, మాన్యువల్ చూడండి. తొక్కేవాళ్లకు ముందే చెప్పండి, "పట్టుకో" అంటే చక్రం దగ్గర గాలి వదిలే నిప్పల్ మళ్లీ బిగించేదాకా కాలు తీయొద్దని. సిలిండర్ పాతదే ఉంచి లీకేజీ మాత్రమే బాగుచేసినవాళ్లు పెడల్ కింద చెక్క ముక్క పెట్టండి. ఎన్నడూ తిరగని బోరు చివర తుప్పు ఉంటుంది, కప్పు అక్కడిదాకా పోతే చిరుగుతుంది.

బండిలోని ఆయిల్ డబ్బా మూత మీద రాసిన రకం ఆయిలే, సీలు విప్పనిది కొనండి. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా, డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకుండా తట్టుకోవాలి. తేమ పీల్చాక ఆ హద్దులు 140, 155కు పడిపోతాయి. అందుకే పోయిన వానాకాలం తెరిచిన సగం డబ్బా పనికిరాదు. బ్రేక్ పార్టులను పెట్రోల్, కిరోసిన్‌తో కడగొద్దు, రబ్బర్లు ఉబ్బుతాయి. పెయింట్ మీద ఆయిల్ పడితే వెంటనే నీళ్లు పోయండి.

అంతా బిగించాక మొదటి పరీక్షే మళ్లీ చేయండి. పెడల్ నిమిషం పాటు కదలకుండా నిలబడితేనే ఖాళీ జాగాలో నడక వేగంతో నడిపి ఆపి చూడండి. మర్నాడు పైపు నట్ల దగ్గర వేలు పెట్టి తడి ఉందేమో చూసుకోండి.

వచ్చే పాఠం హ్యాండ్‌బ్రేక్ కేబుల్. దానికి ముందు మీ హ్యాండ్‌బ్రేక్ లివర్ ఎన్ని క్లిక్కులకు పట్టుకుంటున్నదో లెక్కపెట్టి రాసుకోండి.