ఇంట్లో తొంభై, బయట అరవై: లాసెట్ మార్కులు ఎక్కడ కారిపోతున్నాయి?

లా కాలేజీల్లో సీటు కోసం రాసే లాసెట్ నోటిఫికేషన్ పడిన వారం నుంచి మా ఇంటికి పిల్లలు రావడం మొదలవుతుంది. చుట్టాల పిల్లలు, కోర్టులో గుమాస్తాగారి అబ్బాయి, పక్క వీధి డిగ్రీ అమ్మాయి. నేను కోచింగ్ చెప్పను. అనంతపురంలో వకీలుగా నా పని నేను చేసుకుంటుంటాను. అయినా "అక్కా, చదువుతానే ఉండా, మార్కులు కదల్లేదు" అని గుమ్మం దగ్గర నిలబడితే వెనక్కి పంపలేను కదా. ఇన్నేళ్లలో నేను చూసిన జబ్బులు మొత్తం కలిపి అయిదారే. అందులో ఒకటి నా చేత్తో నేనే అంటించాను. దాని గురించే ఎక్కువ చెప్తాను.

పరీక్ష ఎలా ఉంటుందో మీకు తెలుసనే అనుకుంటున్నా. 90 నిమిషాలు, 120 ప్రశ్నలు, ప్రశ్నకు ఒక మార్కు, తప్పు జవాబుకు కోత లేదు. ఎ భాగంలో జీకే, మెంటల్ ఎబిలిటీ కలిపి 30, బి భాగంలో కరెంట్ అఫైర్స్ 30, సి భాగంలో లా ఆప్టిట్యూడ్ 60. మూడేళ్ల కోర్సుకైనా అయిదేళ్ల కోర్సుకైనా ఇదే లెక్క. 35 శాతం, అంటే 42 మార్కులు వస్తే అర్హత. ఎస్సీ, ఎస్టీలకు ఆ గీత లేదు. ఇదంతా ఇప్పుడే వింటున్నామంటే ముందు నోటిఫికేషన్ చదువుకుని రండి.

"టైం చాలడం లేదక్కా"

ఏ ప్రశ్నతో మొదలుపెట్టావు అని అడుగుతాను. ఒకటో ప్రశ్నతో అంటారు. అంటే ఎ భాగంలో ఏదో నంబర్ సిరీస్ దగ్గర కూర్చుని నాలుగు నిమిషాలు తగలేశారన్నమాట. ప్రశ్నకు ముప్పావు నిమిషమే లెక్క. ఆ నాలుగు నిమిషాల్లో అయిదు లా ప్రశ్నలు అయిపోయేవి. కంప్యూటర్ పరీక్ష కాబట్టి ఎక్కడికైనా దూకొచ్చు, సి భాగంతో మొదలుపెట్టండి. ఇద్దరికి సమానంగా మార్కులు వచ్చినా ముందు చూసేది సి భాగమే. చివరి మూడు నిమిషాలు మిగిలిపోయినవాటికి ఏదో ఒకటి నొక్కడానికి ఉంచుకోండి. కోత లేని పరీక్షలో పది ప్రశ్నలు ఖాళీగా వదిలేసి వచ్చేవాళ్లు నాకు ఇప్పటికీ అర్థం కారు.

"ఇంట్లో తొంభై వస్తాండాయి, బయట రాస్తే అరవై దాటల్లేదు"

ఈ మాట చెప్పగానే ఊరంతా ఇచ్చే సలహా ఒకటే: టెన్షన్ పడుతున్నావు, ధ్యానం చెయ్యి. చేసుకోండి, ఎవరొద్దన్నారు. కానీ అంతకుముందు చదువుతున్న పుస్తకం వయసెంతో చూడండి. అర నిమిషం పని. ఎవరూ చేయరు. నేనూ చేయలేదు.

2025లో మా పిన్ని కూతురు మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ కోసం లాసెట్‌కు కూర్చుంది. నా పాత బిట్ బ్యాంక్ తీసి ఇచ్చాను. నేను చదివి సీటు కొట్టిన పుస్తకం అది. పేజీ పేజీకీ ఎర్ర పెన్నుతో గీతలు, అంచుల్లో చీమల్లాంటి అక్షరాలతో గుర్తులు. అమ్మ నగ చేతికిచ్చినంత గొప్పగా ఇచ్చాను. రెండు నెలల్లో అందులోని టెస్టుల్లో దానికి 92, 95 దాకా వచ్చాయి. ఒక ఆదివారం బయట కొత్తగా తయారుచేసిన మాక్ పేపర్ ఒకటి రాసింది. 61. మా వంటింటి గట్టు మీద కూర్చుని ఏడ్చింది. నేను కూడా టెన్షనే అనుకుని, ఉగ్గాని పెట్టి, ఊరుకోమన్నాను.

మర్నాడు ఆ పేపర్ ముందేసుకుని తప్పులు ఒక్కొక్కటే చూస్తుంటే నాకు చెమట పట్టింది. అది పెట్టిన తప్పు జవాబుల్లో సగం నా ఎర్ర గీతలే.

హత్యకు శిక్ష చెప్పే సెక్షన్ ఏది అంటే 302 పెట్టింది. ప్రశ్నలో అడిగింది భారతీయ న్యాయ సంహిత గురించి. 2024 జులై 1 నుంచి, ఏది నేరమో దానికి శిక్షేమిటో చెప్పే పాత చట్టం ఐపీసీ స్థానంలో అమల్లో ఉన్నది అదే, అందులో హత్యకు శిక్ష 103లో ఉంది. అదే రోజు, నేరాల కేసులు నడిపే పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ స్థానంలోకి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 1872 నాటి సాక్ష్య చట్టం స్థానంలోకి భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చాయి. ఇవి నాకు తెలియనివా? పిటిషన్లలో రోజూ ఆ కొత్త సెక్షన్లే రాస్తున్నా. పుస్తకం చేతికిచ్చేటప్పుడు మాత్రం తట్టలేదు.

పాత నంబరు పూర్తిగా చచ్చిపోతే పెద్ద ఇబ్బంది లేదు. 420 అలాంటిది. న్యాయ సంహితలో ఉన్నవే 358 సెక్షన్లు, మోసానికి ఇప్పుడు 318 చూడాలి. ఆప్షన్లలో 420 కనిపించకపోతే మనకే అనుమానం వస్తుంది. ముంచేది బతికున్న నంబర్లు. అదే నంబరు కొత్త చట్టంలోనూ ఉంటుంది, వేరే పని మీద. న్యాయ సంహితలో 302 అంటే ఎదుటివాడి మత మనోభావాలు గాయపరచాలని కావాలనే మాట్లాడటం. సురక్షా సంహితలో 482 అంటే ముందస్తు బెయిల్. పాత సీఆర్‌పీసీలో ముందస్తు బెయిల్ 438, 482 ఏమో హైకోర్టు స్వతస్సిద్ధ అధికారాలు. ఆ అధికారాలు ఇప్పుడు 528కి వెళ్లాయి.

144 అయితే మరీ మోసం. ఫ్యాక్షన్ రోజుల నుంచి మన సీమలో బడికెళ్లే పిల్లలకు కూడా 144 సెక్షన్ అంటే ఏమిటో తెలుసు: నలుగురు గుమిగూడొద్దు, అంగళ్లు మూసెయ్యాల. సురక్షా సంహితలో ఆ ఉత్తర్వు 163లో ఉంది. ఇప్పటి 144 భార్యకు, పిల్లలకు, తల్లిదండ్రులకు ఇచ్చే భరణం, అంటే పాత 125. సీమలో పుట్టి పెరిగినవాళ్లకు ఆ నంబరు చూడగానే కర్ఫ్యూ తప్ప ఇంకేం గుర్తొస్తుంది? మా పిన్ని కూతురికీ అదే గుర్తొచ్చింది.

చుట్టుపక్కల జనం కూడా మిమ్మల్ని హెచ్చరించరు. కోర్టు గేటు ముందు టీకొట్టు దగ్గర ఇప్పటికీ "302 కేసు" అనే మాట్లాడుకుంటాం. అది తప్పు కూడా కాదు, 2024 జులై 1కి ముందు జరిగిన నేరాలకు ఐపీసీనే వర్తిస్తుంది, ఆ కేసులు ఇంకా చాలాకాలం నడుస్తాయి. పాత ప్రశ్నపత్రాల సంగతీ ఇంతే. 2019 పేపర్‌కు అప్పుడు ఇచ్చిన కీ ఆ ఏడాదికి సరైనదే. దాన్ని ఇవాళ డౌన్‌లోడ్ చేసుకుని దిద్దుకుంటే ఎన్నో మార్కులు కలుస్తాయి, ఒక్కటీ మనవి కావు. చెనిక్కాయలు అమ్మేవాళ్ల నడిగితే చెప్తారు: తూకం రాయిలోనే తేడా ఉంటే మూటను ఎన్నిసార్లు కాటాకెత్తినా అదే తప్పు లెక్క వస్తుంది.

మరి పుస్తకం పాతదో కొత్తదో ఎలా పట్టుకోవాలి? అట్ట మీద ఏడాది చూసి మోసపోకండి, అట్ట మార్చి లోపల పాత సరుకే కుట్టిన పుస్తకాలు నా చేతికే రెండు వచ్చాయి. లోపల ఈ చోట్ల వేలు పెట్టి చూడండి.

హత్య దగ్గర 302 ఒక్కటే ఉండి 103 ఊసే లేదా? సుప్రీంకోర్టులో ప్రధాన న్యాయమూర్తితో కలిపి 31 మంది అని ఉందా? 2019లోనే 34 చేశారు. వినియోగదారుల రక్షణకు 1986 చట్టం, జిల్లా ఫోరం అని ఉందా? 2019లో కొత్త చట్టం వచ్చింది, 2020 జులై 20 నుంచి అది జిల్లా కమిషన్. వ్యభిచారం నేరమని 497 చూపిస్తోందా? సుప్రీంకోర్టు దాన్ని 2018 సెప్టెంబరు 27న కొట్టేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలని ఉంటే ఇక చెప్పేదేముంది, 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా కొత్త జిల్లా మన అనంతపురం నుంచే విడిపోయింది.

ఒక్కచోట దొరికినా ఆ పుస్తకంలోని టెస్టు మార్కులు లెక్కలోకి తీసుకోవద్దు. అలాగని పుస్తకాన్ని పొయ్యిలో పెట్టక్కర్లేదు. 1872 కాంట్రాక్టు చట్టం, టార్ట్స్ (నష్టపరిహారం అడగదగ్గ పౌర తప్పులు), లాటిన్ మాగ్జిములు (లాటిన్‌లో చెప్పే న్యాయ సూత్రాలు), ప్రాథమిక హక్కుల ఆర్టికల్స్, 1973లో 13 మంది జడ్జీలు తీర్పిచ్చిన కేశవానంద భారతి కేసు, ఇవన్నీ అందులో చదివినా నష్టం లేదు. క్రిమినల్ చట్టాల పేజీలు, సంఖ్యలు, పదవుల పేజీలు మాత్రం పిన్నులు కొట్టి మూసేయండి.

మేం చేసింది ఇది. ఒక తెల్లకాగితం మీద మూడు గళ్లు గీశాం: నేరం పేరు, పాత నంబరు, కొత్త నంబరు. హత్యాయత్నం 307 నుంచి 109కి, వరకట్న మరణం 304బి నుంచి 80కి, భర్త, అత్తింటివాళ్ల క్రూరత్వం 498ఎ నుంచి 85కి, పరువునష్టం 499 నుంచి 356కి, ఎఫ్‌ఐఆర్ సీఆర్‌పీసీ 154 నుంచి సురక్షా సంహిత 173కి. ముప్పై వరుసలు చాలు. లాసెట్‌కు వచ్చేవాళ్లను 358 సెక్షన్లు అప్పజెప్పమని ఎవరూ అడగరు. ఆ కాగితం ఫ్రిజ్ తలుపుకు అంటించాం, పాలకు వెళ్లినప్పుడల్లా ఒక గడి చేత్తో మూసి రెండోది చెప్పాలి.

రెండోది అలవాటు. నంబరు కంటే ముందు చట్టం పేరు చదవాలి, స్క్రీన్ మీద వేలు పెట్టి చదివినా నవ్వేవాళ్లు ఎవరూ లేరు. పాత చట్టం మీద ప్రశ్న రాదని కూడా అనుకోవద్దు. ఐపీసీ ఏ సంవత్సరపు చట్టం, 1860. అమల్లోకి వచ్చింది 1862లో. చరిత్రగా అడిగితే అదీ రాయగలగాలి.

మూడు వారాల తర్వాత అదే చోట ఇంకో మాక్ రాసింది. 84. మునుపటి 95తో పోలిస్తే తగ్గిందేమని మా పిన్ని అడిగింది. ఆ 95 మనకెప్పుడూ రాలేదు పిన్నీ అన్నాను. నా ఎర్ర గీతల పుస్తకం ఇప్పుడు కూలర్ కాలు కింద ఉంది, ఎత్తు సరిగ్గా సరిపోయింది.

"తెలుగులో ప్రశ్నే అర్థం కాదు"

తెలుగు మీడియం పిల్లలకు ఇది నిజమైన ఇబ్బంది. ప్రతిఫలం అంటే మనకు పనికి దక్కే ఫలితం. కాంట్రాక్టు చట్టంలో అది కన్సిడరేషన్, నువ్వు మాట ఇచ్చినందుకు ఎదుటివాడి నుంచి నీకు వచ్చేది. "ప్రతిఫలం లేని ఒప్పందం చెల్లదు" అనే వాక్యం ఆ అర్థంతో చదివితే తప్ప బుర్రకెక్కదు. టార్ట్‌కు అపకృత్యం, ఆఫర్‌కు ప్రతిపాదన, ఇలాంటివి ఓ యాభై మాటలు రెండు రకాలుగానూ రాసి పెట్టుకోండి. తెలుగు వాక్యం కొరుకుడు పడకపోతే పక్కనున్న ఇంగ్లిష్ వాక్యంలో ఆ ఒక్క మాట వెతకండి, చాలాసార్లు ముడి అక్కడే విడిపోతుంది.

"వీడియోలన్నీ చూస్తున్నా, ఒక్కటీ పరీక్షలో రాదు"

చూసేవి జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్ వీడియోలు, రాసేది లాసెట్. క్లాట్ పూర్తిగా ఇంగ్లిష్‌లో ఉంటుంది, రెండు గంటలు, పెద్ద పెద్ద పేరాలు చదివి జవాబివ్వాలి, తప్పుకు పావు మార్కు కోత. హైదరాబాద్ నల్సార్, విశాఖ దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం కావాలంటే అదే రాయాలి. కర్నూల్లోనో కడపలోనో చదివి జిల్లా కోర్టులో నల్లకోటు వేసుకుంటానంటే లాసెట్ చాలు. క్లాట్ నుంచి అరువు తెచ్చుకోదగ్గది ఒక్కటుంది: సూత్రం ఇచ్చి, సంఘటన ఇచ్చి, తీర్పు అడిగే ప్రశ్నలు. అక్కడ మనవాళ్లు రచ్చబండ పెద్దల్లా పేదోడెవరు, పాపం ఎవరిదని చూస్తారు. ఇచ్చిన సూత్రం అన్యాయంగా అనిపించినా దాని ప్రకారమే తీర్పివ్వాలి.

"ర్యాంకు వచ్చింది, సర్టిఫికెట్ల దగ్గర ఆపేశారు"

ఇది చదవడం మొదలుపెట్టకముందే చూసుకోవాల్సింది. మూడేళ్ల కోర్సుకు డిగ్రీలో, అయిదేళ్ల కోర్సుకు ఇంటర్లో 45 శాతం ఉండాలి. బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40. ఇంటర్ లేకుండా నేరుగా ఓపెన్ డిగ్రీ చేసినవాళ్లకు అర్హత లేదు, ఇది తెలియక ఏడాది పోగొట్టుకున్నవాళ్లున్నారు. బెంగళూరులోనో బళ్లారిలోనో చదివొచ్చిన పిల్లలు లోకల్ కోటా కోసం నివాస ధ్రువపత్రం సంగతి ముందే తహసీల్దారు ఆఫీసులో తేల్చుకోండి. కౌన్సెలింగ్ వారంలో అక్కడి వరుస చూస్తే మీకే తెలుస్తుంది.

ఇక మిగతావి అరుదు. కరెంట్ అఫైర్స్‌కు ఎనిమిది యాప్‌లు పెట్టుకుని ఏదీ చదవనివాళ్లు ఏడు తీసేయండి. మౌస్ కదలకపోతే, స్క్రీన్ ఆగిపోతే చెయ్యెత్తి ఇన్విజిలేటర్‌ను పిలవండి, మీరే వైర్లు పీకకండి. ప్రిలిమినరీ కీలో తప్పుందనిపిస్తే అభ్యంతరాలకు గడువిస్తారు, ఆధారం జతచేసి పంపండి. ఆ ఆధారం ఏ ఏడాది పుస్తకంలోదో మాత్రం పంపేముందు చూసుకోండి.