ముద్ద దిగట్లేదంటే ముందు ఏం అడగాలి?

"ముద్ద దిగట్లేదు డాక్టరుగారూ" అని వచ్చిన మనిషికి గ్యాస్ మాత్ర రాసి, నెలాగి రమ్మనడం ఇంకా చూస్తూనే ఉన్నాను. ముందు అడగాల్సింది ఒక్కటే. మొదట ఆగింది ఏది, అన్నమా, నీళ్లా? ఇప్పుడేం తింటున్నారో కూడా అడగండి. చపాతీ మానేసి, అన్నాన్ని చారులో పిసికి జావలా మింగుతూ "పర్లేదండీ, తింటున్నా" అంటారు. అసలు సంగతి పక్కన కూర్చున్న భార్య చెబుతుంది.

మొదట గట్టివి, తర్వాత మెత్తనివి, ఆఖరికి నీళ్లు ఆగితే దారి ఇరుకవుతున్నట్టు. క్యాన్సర్ కాదని తేలేదాకా అదే అనుకోండి. పొగాకు అలవాటుండి బరువు తగ్గితే మరీను. వెంటనే ఎండోస్కోపీ, బయాప్సీ. యాసిడ్ పుండు మాని ఇరుకైన చోటైతే బెలూన్‌తో సాగదీసి మాత్రలు కొనసాగిస్తే చాలు. మింగబోతుంటేనే పొలమారి, నీళ్లు ముక్కులోంచి వస్తుంటే న్యూరాలజీ వైపు చూడండి. రోగి గొంతు చూపించాడని అడ్డు అక్కడే ఉందనుకోకండి, కింది అడ్డు కూడా గొంతులోనే తెలియొచ్చు.

నన్ను దెబ్బకొట్టింది అకలేజియా, అంటే అన్నవాహిక కింది ద్వారం తెరుచుకోని జబ్బు. అన్నం, నీళ్లు రెండూ మొదటినుంచే ఆగుతాయి, ఎండోస్కోపీ రిపోర్టేమో నార్మల్. ఒక దర్జీ రెండేళ్లు యాసిడ్ మాత్రలు వాడాడు, అందులో ఎనిమిది నెలలు నేను రాసినవే. ఛాతీలో మంట ఉంది మరి! అది అన్నవాహికలో నిలవున్న తిండి పులిసి పుట్టిన మంట. పైకొచ్చినప్పుడు మెతుకులు మెతుకుల్లాగే వస్తున్నాయనీ, రాత్రి దిండు తడుస్తోందనీ, పడుకుంటే దగ్గొస్తోందనీ చెప్పాడు. నేనే వినలేదు.

ఈ జబ్బులో అన్నవాహిక చివరి స్ఫింక్టర్ (దారిని బిగించి ఉంచే కండరం) వదులవదు, పై కండరాలు ముద్దను నెట్టవు. తొలిదశలో ఇది స్కోపుకి దొరక్కపోవచ్చు. బేరియం (ఎక్స్‌రేలో కనబడే ద్రవం) తాగించి, నిలబెట్టి 1, 2, 5 నిమిషాలకు ఎక్స్‌రేలు తీయించండి. కింద పక్షి ముక్కులా సన్నబడి, పైన బేరియం నిలిచి ఉంటుంది. ఖాయం చేసేది మానోమెట్రీ, అన్నవాహికలో ఒత్తిడి కొలిచే పరీక్ష. ఇక చికిత్స అంటారా, 30 మి.మీ. బెలూన్‌తో సాగదీయడం మొదలుపెట్టడమో, ఆ కండరాన్ని కోసే హెల్లర్ ఆపరేషనో, 2008లో జపాన్‌లో డాక్టర్ ఇనోవే మొదలుపెట్టిన, నోట్లోంచి ఎండోస్కోపుతోనే ఆ కండరాన్ని కోసే పోయెమో. అన్నవాహిక కండరాలు పట్టేసే మూడో రకం అకలేజియాకి పోయెమ్ మేలు. ఆ తర్వాత రిఫ్లక్స్ (యాసిడ్ పైకి తన్నడం) వస్తే, అప్పుడు రాయండి ఆ మాత్రలు.

మళ్లీ స్కోపు వేయాలంటే మామూలు పరగడుపు చాలదు. ఒకట్రెండు రోజులు ద్రవాలే ఇవ్వండి, లేదంటే నిలవున్నది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది. పెద్ద వయసులో, కొద్ది నెలల్లోనే ముదిరి, బరువు బాగా పడిపోతే నకిలీ అకలేజియా అని అనుమానించండి. కడుపు మొదట్లోని క్యాన్సర్ గోడ లోపల పాకి, అచ్చం ఇలాగే కనిపిస్తుంది. సీటీ, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ చూడకుండా బెలూన్ పెట్టొద్దు.

అలర్జీలున్న కుర్రాడికి ముద్ద ఇరుక్కుంటుంటే, అలర్జీ వల్ల అన్నవాహిక వాచిందేమో (ఇసినోఫిలిక్ ఈసోఫజైటిస్) చూడటానికి, గోడ బాగానే కనిపించినా కనీసం 6 బయాప్సీలు తీయండి. రక్తహీనత ఉన్న ఆడవాళ్లలో అన్నవాహిక పైభాగంలో పొర కడితే ఐరన్ ఇచ్చి, అవసరమైతే సాగదీయాలి. చర్మం బిగుసుకుపోయే స్క్లెరోడెర్మా అయితే చేతివేళ్లే చెబుతాయి.