జీమ్యాట్ మళ్లీ రాస్తున్నారా? ఫీజు కట్టే ముందు పేరు, అకౌంట్ చూసుకోండి

ఎంబీఏ కాలేజీల్లో చేరడానికి రాసే జీమ్యాట్‌లో స్కోరు తగ్గితే మళ్లీ రాయడానికి ఏ ఏజెంటూ అక్కర్లేదు. జీమ్యాట్ అధికారిక వెబ్‌సైట్ ఎంబీఏ డాట్ కామ్‌లో మొదటిసారి వాడిన అకౌంట్‌లోకే వెళ్లి, తేదీ ఎంచుకుని, ఫీజు కడితే సరిపోతుంది. అయినా తిరుపతి, చిత్తూరు పిల్లలు దెబ్బతినేది ఈ చిన్న పని దగ్గరే. ఊరుగాని ఊళ్లో పరీక్ష కేంద్రం గుమ్మం దాకా వెళ్లి, పాస్‌పోర్టులో పేరు కలవక వెనుదిరిగితే ఫీజూ పోతుంది, నెలల చదువూ పోతుంది.

ముందు స్కోరు నిజంగా తక్కువేనా చూడండి. 2024 ఫిబ్రవరి నుంచి కొత్త పరీక్ష ఒక్కటే నడుస్తోంది. అందులో స్కోరు 205 నుంచి 805 దాకా ఉంటుంది, ఏ స్కోరైనా చివర 5 ఉంటుంది. సీనియర్లు పాత పరీక్షలో తెచ్చుకున్న 700తో మీ 645ను పోల్చుకుని కుంగిపోకండి. పర్సంటైల్ లెక్కన, అంటే మీకన్నా తక్కువ వచ్చినవాళ్లు ఎంత శాతం అన్న లెక్కన, రెండూ దాదాపు సమానమే. మీరు చూడాల్సింది పర్సంటైల్.

మళ్లీ రాయాలనే తేల్చుకుంటే 16 రోజులు ఆగాలి. అక్టోబరు 1న రాస్తే 17 నుంచి రాయొచ్చు. 12 నెలల్లో మొత్తం 5 సార్లు మించకూడదు. అధికారిక స్కోరు రావడానికి మామూలుగా 3 నుంచి 5 పనిదినాలు పడుతుంది కాబట్టి కాలేజీ గడువు నుంచి వెనక్కి లెక్కేసుకోండి. రీవాల్యుయేషన్ అనేది ఇందులో లేదు. 'స్కోరు సరిచేయిస్తాం' అన్నవాళ్లకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. మీ బదులు వేరేవాళ్లను కూర్చోబెడతామన్నా నమ్మకండి. కేంద్రంలో ఫొటోతో పాటు అరచేతి స్కాన్ కూడా తీస్తారు. దొరికితే స్కోరు రద్దవుతుంది, మచ్చ మీకే మిగులుతుంది.

ఇక పేరు సంగతి. మన దేశంలో కేంద్రానికి వెళ్లి రాసే భారతీయులకు పాస్‌పోర్టు ఒక్కటే చెల్లుతుంది, అదీ గడువు తీరని ఒరిజినల్. ఆధార్, పాన్, జిరాక్సు కాపీ చూపిస్తే లోపలికి పంపరు. అకౌంట్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మనవాళ్ల టెన్త్ మెమోల్లో ఇంటిపేరు ముందుంటుంది, కొందరికి ఒక్క అక్షరమే ఉంటుంది. అలవాటు కొద్దీ దాన్నే ఫారంలో దించేస్తారు. ఉదాహరణకు టెన్త్‌లో 'పి. ముని వెంకట కిరణ్' అని ఉండి, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో 'పసుపులేటి', రెండో గడిలో 'ముని వెంకట కిరణ్' ఉందనుకోండి. అకౌంట్‌లో లాస్ట్ నేమ్ పసుపులేటి, ఫస్ట్ నేమ్ ముని వెంకట కిరణ్ అవ్వాలి. 'పి' అని వదిలేసినా, 'కిరణ్'ను లాస్ట్ నేమ్ చేసినా చిక్కే.

అనుమానముంటే పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున బాణం గుర్తులతో ఉన్న రెండు లైన్లలో పైదాన్ని చూడండి. దేశం కోడ్ తర్వాత ఇంటిపేరు వస్తుంది. బాణాలు రెండు పక్కపక్కన పడిన చోట ఇంటిపేరు అయిపోయి, అసలు పేరు మొదలవుతుంది. దాన్ని చూసి అక్షరం అక్షరం సరిపోల్చుకోండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లు, అకౌంట్‌లో పేరు తప్పు పడినవాళ్లు ఫీజు కట్టకముందే కస్టమర్ కేర్‌కు రాసి సరిచేయించుకోవాలి. భయపడాల్సిన పనేం కాదు, కాకపోతే పరీక్ష ముందురోజు జరిగే పని కూడా కాదు.

పద్దెనిమిదేళ్లు నిండకముందు తీసుకున్న పాస్‌పోర్టుల గడువు చాలావాటికి ఐదేళ్లకు మించదు, తీసి చూసుకోండి. తీరిపోయి ఉంటే ముందు రీఇష్యూ, తర్వాతే జీమ్యాట్. పాస్‌పోర్టు సేవ అధికారిక వెబ్‌సైట్‌లో తిరుపతి కేంద్రానికి అపాయింట్‌మెంట్ దొరుకుతుంది. పెద్దవాళ్లకు 36 పేజీలది 1,500 రూపాయలు, తత్కాల్‌లో అయితే మరో 2,000. అంతకన్నా ఎక్కువ అడిగితే అది మధ్యవాళ్ల జేబులోకే.

రెండో చిక్కు అకౌంట్. మొదటిసారి ఏ కన్సల్టెంటో తన ఈమెయిల్‌తో తెరిచి ఉంటే పాస్‌వర్డ్ మీ దగ్గర ఉండదు. 'కొత్తది తెరిచేద్దాం' అంటారు, ఒప్పుకోకండి. ఒకరికి ఒక్క అకౌంటే. పాతదాన్నే మీ ఈమెయిల్‌కు మార్పించుకోండి. స్కోరు ఎవరికి పంపాలో తేల్చేదీ ఆ అకౌంటే, దాని తాళం మీ చేతిలోనే ఉండాలి.

ఫీజు డాలర్లలో ఉంటుంది. కార్డు తిరస్కరిస్తే కంగారు పడకండి. 2020 నుంచి కొత్త కార్డుల్లో విదేశీ చెల్లింపులు ఆపేసే ఇస్తున్నారు, బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకోవాలి. తేదీ మార్చుకునే ఖర్చు పరీక్ష దగ్గరపడేకొద్దీ పెరుగుతుంది. చెన్నై అయినా బెంగళూరు అయినా ముందురోజే చేరుకోండి. బ్రహ్మోత్సవాల రోజుల్లో పరీక్ష పడితే తిరుగు టికెట్ కూడా ముందే తీసిపెట్టుకోండి.

పదహారు రోజులకే తేదీ దొరికింది కదా అని అదే చదువు తిరగేసి వెళ్తే అదే స్కోరు వస్తుంది. అధికారిక స్కోరు రిపోర్టులో ఏ రకం ప్రశ్నల్లో తప్పులు పడ్డాయో, సమయం ఎక్కడ పోయిందో ఉంటుంది. లెక్కల సెక్షన్ క్వాంట్‌లో 21 ప్రశ్నలు, ఇంగ్లిషు సెక్షన్ వెర్బల్‌లో 23, పట్టికలు, గ్రాఫుల సెక్షన్ డేటా ఇన్‌సైట్స్‌లో 20, ఒక్కోదానికి 45 నిమిషాలు. అంటే ప్రశ్నకు రెండు నిమిషాలు, అటూఇటూగా. మొదటి ప్రశ్నలకు నాలుగేసి నిమిషాలు పెట్టి చివరి ఐదూ వదిలేసి ఉంటే మీ లోపం లెక్కల్లో కాదు, గడియారం దగ్గర. జవాబు పెట్టకుండా వదిలేసిన ప్రశ్నకు కోత గట్టిగా పడుతుంది. తెలియనిదానికి ఏదో ఒకటి పెట్టి, గుర్తు వేసుకుని ముందుకు పోండి. సెక్షన్ చివర సమయం మిగిలితే మూడు జవాబుల దాకా మార్చుకోవచ్చు. ఎంబీఏ డాట్ కామ్‌లో రెండు పూర్తి నమూనా పరీక్షలు ఉచితం. ఒకటి ఇప్పుడు, రెండోది పరీక్షకు వారం ముందు, ఫోన్ పక్కన పడేసి రాయండి.

కొత్త స్కోరు వచ్చాక కాలేజీలను మీరే ఎంచుకుంటారు. మీరు పంపని స్కోరు కాలేజీకి కనబడదు, పాతది తెలిసిపోతుందన్న దిగులు వద్దు. అధికారిక స్కోరు అందిన 48 గంటల్లోపు ఐదు కాలేజీలకు ఉచితంగా పంపొచ్చు, ఆ తర్వాత ప్రతిదానికీ డబ్బే.