మూడక్షరాలతో వృత్తం పట్టేయడం
పద్యం ఇచ్చి అది ఏ వృత్తమో, అంటే ఏ ఛందస్సులో ఉందో చెప్పమంటే మా అమ్మాయి పాదమంతా (పద్యంలో ఒక వరుసంతా) గురులఘువులు, అంటే పొడుగు, పొట్టి అక్షరాల గుర్తులు వేస్తూ కూర్చుంటుంది, పరీక్షలో టైమంతా అక్కడే పోతుంది. మొదటి మూడక్షరాలు మన వైజాగ్ వైపు ఏ ఊరి పేరులా నడుస్తున్నాయో చూస్తే చాలు. మద్దిలపాలెంలా గురువు, రెండు లఘువులైతే ఉత్పలమాల, మధురవాడలా మూడూ లఘువులైతే చంపకమాల, డాబాగార్డెన్స్‌లా మూడూ గురువులైతే శార్దూలం, అనకాపల్లిలా రెండు లఘువుల తర్వాత గురువొస్తే మత్తేభం. మద్దిలో ‘మ’ పొట్టిదే కదా అనుకోకండి, పక్కన ‘ద్ది’ అనే ఒత్తున్న అక్షరం ఉంది కాబట్టి గురువే, పిల్లలు తప్పేది ఇక్కడే. పాదంలో అక్షరాలు కూడా వరుసగా 20, 21, 19, 20 ఉన్నాయో లేదో ఓసారి లెక్కపెట్టుకోండి. కందం, సీసం, ఆటవెలది, తేటగీతి వస్తే మాత్రం ఇది పనిచేయదు, గణాలు (గురులఘువుల గుంపులు) విడదీయాల్సిందే.