ఫాసిజం పాఠం బట్టీ పట్టకుండా చదవడం ఎలా?

విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల రూముల్లో ఉండి గ్రూప్స్‌కి చదివేవాళ్లు ఫాసిజం అనగానే 1922లో రోమ్ మీదికి జరిగిన కవాతుతో మొదలుపెడతారు. అలా వద్దు. 1919 మార్చి 23న మిలాన్‌లో ఇటలీ ఫాసిస్టుల నాయకుడు ముస్సోలినీ పెట్టిన మీటింగ్ నుంచి చదవండి. ఆ నవంబరు ఎన్నికల్లో ఫాసిస్టులకి ఒక్క సీటూ రాలేదు. మరి మూడేళ్లలో గద్దె ఎలా ఎక్కారు? ఈ ప్రశ్న నోట్సులో పైన రాసుకోండి.

తర్వాత ఇటలీ మ్యాప్ తీసి పో నది లోయ చూడండి, అసలు కథంతా అక్కడే ఉంది: యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు, మండిపోతున్న ధరలు, సంఘాలు కట్టి కూలి పెంచమన్న వ్యవసాయ కూలీలు, వాళ్లని చూసి హడలిపోయి ఫాసిస్టుల నల్లచొక్కాల ముఠాలకు డబ్బిచ్చిన భూస్వాములు. శ్రీకాకుళం వాళ్లకి భూస్వామి, కూలీ గొడవ గురించి వేరే చెప్పాలా! ఆ ముఠాలు లారీల్లో దిగి సంఘం ఆఫీసులు తగలబెట్టేవి, నాయకుల నోట్లో బలవంతంగా ఆముదం పోసేవి, పోలీసులు చాలాచోట్ల చూసీ చూడనట్టు ఊరుకున్నారు. 1921లో అప్పటి ప్రధాని జియోలిత్తి ఫాసిస్టులని తన కూటమిలో చేర్చుకుంటే 35 సీట్లు వచ్చాయి.

కవాతుకి రెండు లైన్లు చాలు. రాజు మార్షల్ లా మీద సంతకం పెట్టలేదు, ముస్సోలినీ మిలాన్ నుంచి రైలెక్కి తాపీగా వచ్చాడు. 1923 అసెర్బో చట్టం (ఎక్కువ ఓట్లొచ్చిన జాబితాకి మూడింట రెండొంతుల సీట్లిచ్చే చట్టం), 1924లో ఫాసిస్టుల్ని ఎదిరించిన సోషలిస్టు ఎంపీ మత్తెయొత్తి హత్య మాత్రం వదలకండి, మార్కులు పోయేది అక్కడే.