చిన్న కారు టెస్ట్ డ్రైవ్‌కి వెళ్తున్నారా, ఇవి చూడండి

షోరూం వాళ్ళు ఖాళీ రోడ్డు మీద రెండు కిలోమీటర్లు తిప్పి తెచ్చేస్తారు, దాంతో ఏమీ తెలీదండి. సాయంత్రం ట్రాఫిక్ టైంలో ఇంట్లోవాళ్ళందర్నీ ఎక్కించుకుని వెళ్ళండి. ఇవన్నీ 4 మీటర్ల లోపు బళ్ళు, చాలావాటికి 1.2 లీటర్ ఇంజనే, ఒక్కరే నడిపితే హుషారుగానే ఉంటది కానీ ఫుల్ లోడుతో ఏసీ వేసి ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు సెకండ్ గేర్‌లో లాగుతుందా, ఫస్ట్‌కి దించాల్సి వస్తుందా అనేదే అసలు పరీక్ష.

ఏఎంటీ, అంటే క్లచ్ లేకుండా గేర్లు తనే మార్చుకునే బండి అయితే సెల్లార్ ర్యాంప్ మీద, వెనక ఎవరూ లేకుండా చూసుకుని, మధ్యలో ఆపి బ్రేక్ వదలండి, ఎంత వెనక్కి జారుతుందో తెలుస్తుంది. మేము కొన్నప్పుడు ఇది చూడలేదు, ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ ర్యాంప్ మీద రోజూ చెయ్యి హ్యాండ్‌బ్రేక్ మీదే ఉంటోంది.

అమ్మనో నాన్ననో వెనక కూర్చోబెట్టి స్పీడ్ బ్రేకర్ దాటించండి, నడుము సంగతి వాళ్ళే చెప్తారు.

డిక్కీ కూడా చూడాలి, టియాగో పెట్రోల్‌కి 242 లీటర్లు, వ్యాగనార్‌కి 341, ఊరి నుంచి బియ్యం బస్తా తెచ్చుకునేవాళ్ళకి ఈ తేడా చాలా పెద్దది. సీఎన్‌జీ అయితే సిలిండర్ పోను ఎంత మిగిలిందో తెరిచి చూసుకోండి.