దుమ్ము తక్కువ రాల్చే బ్రేక్ ప్యాడ్ల ఎంపిక

విజయవాడ బెంజి సర్కిల్ రద్దీలో రోజూ పదేపదే బ్రేకు నొక్కవలసి వచ్చే కారుకు ముందు చక్రాల రిమ్ములపై నల్లటి పొడి పేరుకుంటుంది. అది బ్రేక్ ప్యాడూ, చక్రంతో పాటు తిరిగే ఇనుప డిస్కూ రాసుకుని అరగగా వచ్చినది. ఉక్కు నారలు ఎక్కువగా ఉండే సెమీ మెటాలిక్ ప్యాడ్లు తీవ్రమైన వేడిని బాగా తట్టుకున్నా, సాధారణంగా ఈ పొడిని ఎక్కువగా రాలుస్తాయి కనుక, నగర ప్రయాణానికి సిరామిక్ (పింగాణీ తరహా నారలుండే) ప్యాడ్లే మేలని నా అభిప్రాయం: వాటి పొడి లేత రంగులో ఉండి, రిమ్ముకు అంతగా అంటుకోదు. ధర మాత్రం ఎక్కువ. ఆటోనగర్‌లో కొనేటప్పుడు కారు మోడల్, తయారీ సంవత్సరం చెప్పి, పాత ప్యాడ్‌తో ఆకారాన్ని సరిపోల్చుకోవాలి. రాపిడి పదార్థం మందం 3 మిల్లీమీటర్లకు తగ్గితే మార్పును వాయిదా వేయకూడదు. ఎడమ, కుడి చక్రాలకు కలిపే మార్చాలి. పాత పొడిని గాలి గొట్టంతో ఊదనివ్వకండి, అది మెకానిక్ ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, తడిగుడ్డతో తుడిపించండి.